జడ్జమ్మ వసారాలో సాక్షి

పంకజాక్షి పొద్దున్నే వసారాలోకి తొంగిచూడనిదే కాఫీ తాగేది కాదు. సత్యవేడులో మున్సిఫ్ మేజిస్ట్రేటుగా చేరిన నాటినుంచీ అంతే. ఏ కేసులోనైనా వాదనలు ముగిసి తీర్పు మిగిలితే, ఆ తప్పు చేసిన మనిషి వచ్చి ఆమె వసారాలో కూచునేవాడు. జైల్లో ఉన్నవాడు జైల్లోనూ ఉండేవాడు, ఇక్కడా ఉండేవాడు. మాట్లాడేవాడు కాదు. తీర్పు చదవగానే వెళ్ళిపోయేవాడు. తల్లి దేవకమ్మ చాప పరిచి, ఇంత సంగటి పెట్టేది. వసారాలో కూచోవడం సాక్ష్యం కాదని మాత్రం వకీళ్ళందరికీ తెలుసు.

మదనపల్లె మీదుగా చిత్తూరు సెషన్స్ కోర్టుకు వచ్చాక, తొంభై తొమ్మిదిలో, బెల్లం గానుగ కేసు ఆమె ముందుకొచ్చింది. గానుగ పాక తగలబడి, లోపల పడుకున్న యజమాని తమ్ముడు చనిపోయాడు. పనిలోంచి తీసేసిన కూలి చిన్నబ్బ కక్షకొద్దీ నిప్పంటించి పారిపోతుంటే, తన ఇంటి గడపలోంచి చూశానని యజమాని జయచంద్ర సాక్ష్యం చెప్పాడు. చిన్నబ్బ వకీలు గట్టిగా ప్రశ్నించలేదు. వాదనలు ముగిసిన రాత్రే యావజ్జీవమని పంకజాక్షి తీర్పు సగం రాసేసింది.

మర్నాడు వసారాలో జయచంద్ర కూచుని ఉన్నాడు.

“ఈయన సాక్షి కదమ్మా,” అంది పంకజాక్షి.

“సాక్షో ఎవురో. సంగటి ముట్టలేదు. ఊరికే ఏడస్తా ఉండాడు,” అంది దేవకమ్మ.

పంకజాక్షి కేసు కట్ట ముందేసుకుంది. ఆధారం లేకుండా వదిలిపెడితే పై కోర్టు కొట్టేస్తుంది, చిన్నబ్బ మళ్ళీ లోపలికే. కాగితాలన్నీ మొదట్నుంచీ చదివింది. పోలీసులు గీసిన పటంలో ఇంటికీ గానుగకూ నడుమ ఒక చెరుకు మడి కనిపించింది. జయచంద్రను మళ్ళీ బోనెక్కించింది.

“గానుగకు ముందరి మడిలో చెరుకు అప్పటికి కొట్టేసినారా?”

“లేదు మేడం. తలకు మించి ఉండె,” అని, అతను ఆగిపోయాడు.

“మరి యాడినుంచి చూసినారు?”

మిద్దె మీంచి అంటే ఇక ఆమె చేయగలిగిందేమీ లేదు.

“పాకలోనే ఉంటి మేడం,” అన్నాడు చివరికి. “తమ్ముడు నిద్దరపోతా ఉండె. నా బీడీ ఎండు పిప్పిలో పడింది. వాన్ని లేపకుండానే బయటికి దూకేసినాను. అమ్మకు ఆ మాట చెప్పలేక చిన్నబ్బ పేరు చెప్పినాను.”

సాయంత్రం తీర్పు చదివాక కూడా చిన్నబ్బ బోను దిగలేదు.

“వదిలేసినారు, పో అప్పా,” అన్నాడు కానిస్టేబుల్.

“యాడికి పోయేది సార్?”

గోడవారగా, పోలీసుల నడుమ నిలబడ్డ జయచంద్ర తలెత్తకుండానే అన్నాడు. “మా ఇంటికి పో. అమ్మ ఒక్కతే ఉండాది. ఊళ్ళోవాళ్ళు చెప్పేలోగా నువ్వే చెప్పు.”

“నేనా? ఏమని చెప్పేది?”

“నువ్వు కాదు, నేను పరిగెత్తినానని.”

చిన్నబ్బ బోను దిగి, ఊరికి ఆఖరి బస్సు ఎప్పుడని కానిస్టేబుల్‌ని అడిగాడు.