అడగని మాట

పెద్ద వరద వచ్చి పోయిన మూడో ఏడు, ఎండలు తగ్గే రోజుల్లో జరిగిందిది. మూగయ్య దారానికి మైనం రుద్దుతున్నాడు. మూగవాడేం కాదు. రోజు మొత్తానికి రెండు మాటలాడితే ఎక్కువని చెప్పుల బజారంతా ఆ పేరే ఖాయం చేసింది. అరచేతి గీతల్లో నల్లరంగు దిగి సబ్బుకి లొంగదు. బొటనవేలి గోరు ఎప్పుడో కత్తి తగిలి చీలి, అలాగే పెరిగింది. పక్కన కుట్టుమిషను మీద మరదలు సంచులకు జిప్పులు వేస్తోంది. తమ్ముడు పోయాక ఆమెకు ఆ మిషను, అతనికి దాని చప్పుడు తోడు.

కొట్టు ముందు కారు ఆగింది. దిగినవాణ్ణి చూడగానే మిషను ఆగింది.

గోదాము యజమాని. సరుకు పోతుందని కాపలావాణ్ణి లోపల పెట్టి బయట తాళం వేసుకుపోవడం ఆయన పద్ధతి. వరద రాత్రీ అలాగే వేశాడు. ఆ కాపలావాడే మూగయ్య తమ్ముడు. జనాన్ని కాపాడే పడవలు తిరుగుతున్నంతసేపూ యజమాని తాళంచెవి జేబులో పెట్టుకుని మేడమీద కూర్చున్నాడు. లోపల మనిషున్నాడని ఎందుకు చెప్పలేదని విచారణలో నిలదీస్తే, "నన్నెవరూ అడగలేదండీ" అన్నాడు. అంతే, ఇంటికెళ్ళిపోయాడు.

ఈ ఇద్దర్నీ ఆయన గుర్తుపట్టలేదు. కొండలెక్కే బూట్లు బల్లమీద పెట్టాడు.

"రేపు పొద్దున్నే విమానం. పరాయి దేశంలో కొండల మీద నడక. ఏడాది నుంచీ స్నేహితులమంతా దీనికే ఏర్పాట్లు చేసుకుంటున్నాం. ఇదిగో చూడు." ఫోనులో బొమ్మ చూపించాడు. కత్తి అంచులాంటి దారి, రెండు పక్కలా లోయ. "బూట్లు కొత్తవే. ఎప్పుడో కొని పెట్టెలో దాచాను, కాలే పెట్టలేదు. తాళ్ళు మార్చి పాలిష్ కొట్టు చాలు."

మూగయ్య మడమను వేలితో నొక్కాడు. పైకి నిగనిగలాడుతున్నా లోపల ఎండిన రొట్టెలా పొడి రాలింది. వాడకుండా దాచిన బూట్లకు పట్టే జబ్బే అది. నాలుగు మలుపులు ఎక్కేసరికి అడుగున సోలు ఊడిపోతుంది. కొత్తది వేయడానికి ఒక్క పూట చాలు.

"గట్టిగా ఉన్నాయో లేదో అడగండి సార్," అన్నాడు వెనకే దిగొచ్చిన డ్రైవరు.

"కొత్తవాటికి అడిగేదేంటయ్యా? పైగా ఈయన్ని మూగయ్య అంటారట. నోరు తెరిచేసరికి నా విమానం ఎగిరిపోతుంది!"

ఇద్దరూ నవ్వారు. మూగయ్య కూడా నవ్వాడు. వరద తర్వాత అదే మొదటిసారి.

తాళ్ళు మార్చాడు. గుడ్డతో అద్దంలా తుడిచాడు. అంత అందంగా ఏ జతా ఆ కొట్టు దాటలేదు. సాయంత్రం డ్రైవరు వచ్చి పట్టుకెళ్ళాడు.

మరదలు లేచొచ్చి బల్లమీది పొడిని వేలికి అద్దుకుని చూసింది.

"చెప్పారా బావగారూ?"

మూగయ్య కత్తి తుడుస్తున్నాడు.

"మిమ్మల్నే. పగంటూ ఉంటే ముందు నాకుండాలి. నేనే ఊరుకోలేకపోతున్నాను, మీకు నోరెలా ఆగింది?"

"ఆయన అడగలేదమ్మా."

ఆమె అతని ముఖంలోకి చూసింది. విచారణ గదిలో ఆ మనిషిని ఎలా చూసిందో అలాగే. తన కత్తెర, దారపు ఉండలు సంచిలో సర్దేసుకుని, వస్తానని కూడా అనకుండా మెట్లు దిగి, కారు పోయిన వైపే గబగబా నడిచింది.

మర్నాడు పొద్దున్నే మూగయ్య కొట్టు తెరిచాడు. పైన విమానం మోత వినబడినా తల ఎత్తలేదు. బల్లమీది పొడిని ఉఫ్‌మని ఊది, దారానికి మైనం రుద్దడం మొదలుపెట్టాడు. పొద్దెక్కినా మెట్ల మీద ఎవరూ రాలేదు. మిషను మీద సగం కుట్టిన సంచి, సూది అందులో దిగబడి, నిన్నటిలాగే ఉంది.