లేవరా నాన్నా

పొట్ట మీద నీళ్ల గ్లాసు నిలబెట్టుకుని అతడు వంటగది గుమ్మానికి అడ్డంగా వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఊపిరి రొమ్ములోకి కాక వీపులోకి దిగాలి; నీటి మీద ముడత పడకూడదు. ఆ కిటుకు నేర్పినవాడు నాటక సమాజంలోని ముసలి నటుడు. అడగకుండానే ఎందుకు నేర్పాడన్నది మాత్రం అతనికి ఇప్పటికీ మింగుడుపడలేదు.

"ఏం బావమరిదీ, ఇవాళ కూడా చావడమేనా?" అతణ్ణి దాటుకుని వెళ్తూ బావ అన్నాడు.

"పొద్దున్నే ఆ మాటలేంటండీ!" అక్క విసుక్కుంది.

"అదీ చేతకాకపోతే మా గోదాంలో బస్తాలున్నాయిలే."

శిక్షణాలయంలో అతడు కత్తి తిప్పడం నేర్చాడు. గుసగుసను చివరి వరుసదాకా పంపడం నేర్చాడు. నాటక సమాజం అతనికిచ్చిన తొలి వేషం మాత్రం శవం. ఆఖరి అంకంలో మెడదాకా తెల్లటి దుప్పటి కప్పుకుని పడుకోవాలి. తండ్రి వేషంలో ముసలి నటుడు మీద పడి "లేవరా, నాన్నా, లేవరా" అని ఏడవాలి. అప్పటినుంచి అందరికీ అతడు 'శవం' అయ్యాడు. శవం టీ తాగిందా, శవానికి కుర్చీ వేయండి.

కిందటి వారం, ఆ ఏడుపు నడుమ ముసలాయన అతని చెవిలో, "అల్లుడూ, నీ ముక్కు మీద ఈగ పెళ్లిచూపులకొచ్చిందిరా" అన్నాడు. పెట్టుడు మీసం చెవిని గీరింది. దుప్పటి వణికింది. ప్రేక్షకులు గొల్లుమన్నారు.

"ఇంకొక్కసారి శవం కదిలిందో, వేషం ఇంకొకడికిస్తా," అన్నాడు దర్శకుడు.

మరునాటినుంచే ముసలాయన మేనల్లుడు, అతని ఈడువాడే, రిహార్సల్‌కు వచ్చి ముందు వరుసలో కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. అతడు ఎవరినీ అడగలేదు. తనంతట తానే లెక్క తేల్చుకున్నాడు: ఆ వేషానికి కాచుకుని కూర్చున్నవాడు వీడే.

ఆ లెక్క ప్రకారమే, పొద్దున గ్లాసుతో సాధన చేసి వెళ్లిన అతడు ఆ రోజంతా ముసలాయనను గమనించాడు. ఆయన ఇచ్చిన టీని కిటికీలోంచి పారబోశాడు. ఆయన భుజం తడితే తప్పుకున్నాడు. అలంకరణ గదిలో ఆయన అద్దం ముందు మీసం అంటించుకుంటుంటే చేయి వణికింది; జిగురు ఒకవైపే పడింది. రెండోవైపు కావాలనే వదిలేశాడని అతనికి అనిపించింది.

"మాస్టారూ, ఆ మీసం సరిగ్గా అంటించుకోండి."

"చచ్చినవాడికి మీసాల బెంగెందుకురా!"

గదంతా నవ్వింది. ఆయనా నవ్వాడు, కాని చల్లటి గదిలో ఆయన నుదుటి రంగు చెమటకు కరిగి చారలు కట్టింది. తప్పు చేయబోయేవాడికే అలా చెమట పడుతుందని అతడు నిశ్చయించుకున్నాడు.

సాయంత్రం ఆటలో దుప్పటి కింద అతడు పొట్ట మీద లేని గ్లాసును ఊహించుకున్నాడు. అడుగుల చప్పుడు దగ్గరైంది. ముసలాయన మోకాళ్ల మీద కూలి, మునుపటికన్నా బరువుగా అతని రొమ్ము మీద వాలాడు. "లేవరా, నాన్నా," అన్న కేక సభంతా పాకింది. తరువాత పెదవులు చెవికి చేరాయి.

"లేపరా."

మీసం గీరింది. 'లేవరా'ను 'లేపరా' అని విరిచి నవ్వించాలని చూస్తున్నాడు, అనుకున్నాడు అతడు. పళ్లు బిగించాడు.

"లేపరా... అల్లుడూ..."

నీటి మీద ముడత పడలేదు.

ముసలాయన చెప్పవలసిన తక్కిన మాటలు రాలేదు. ఆ నిశ్శబ్దమే నటన అనుకుని ప్రేక్షకులు కళ్లు తుడుచుకున్నారు. తెర పడ్డాక చప్పట్లు చాలాసేపు మోగాయి.

"ఇవాళ నిజంగా చచ్చావురా, శభాష్!" దర్శకుడు దుప్పటి లాగాడు. ముసలాయన మాత్రం లేవలేదు.

మేనల్లుడు పరుగెత్తుకొచ్చాడు. "గుండె బాగాలేదు, కనిపెట్టుకుని ఉండమన్నారు డాక్టరుగారు. వేషం మానమంటే వింటేగా మామయ్య!" చాలాసేపటికి కళ్లొత్తుకుని అతని వైపు తిరిగాడు. "చివర్లో మీకేమైనా చెప్పాడా?"

అతడు కిందపడిన దుప్పటి తీసి మడవసాగాడు.

"డైలాగే. 'లేవరా' అన్నారు."

అందరూ వెళ్లాక, రంగు తుడుచుకోవడానికి అద్దం ముందు కూర్చున్నప్పుడు, మెడ పక్కన ఏదో గీరింది. చొక్కా కాలరుకు అంటుకుని నెరిసిన పెట్టుడు మీసం వేలాడుతోంది. జిగురు లేని కొస అతని ఊపిరి తగిలినప్పుడల్లా కదులుతోంది.