పోస్టు డబ్బా దాకా

మా పేటలో మగవాడు మామూలు రోజున సూటు వేసుకుని వీధిలో కనబడితే దానికి రెండే అర్థాలు. ఇంట్లో ఎవరైనా పోయి ఉండాలి, లేకపోతే కోర్టులో వాయిదా ఉండాలి. పెళ్ళిళ్ళు శనివారాలే జరుగుతాయి కాబట్టి ఆ లెక్క వేరు. ఇక్కడే పుట్టి పెరిగిన నాకు ఇది తెలియని సంగతేం కాదు. తెలిసి కూడా ఒక మంగళవారం పొద్దున సూటు వేసుకుని మా అమ్మాయిని బడికి తీసుకువెళ్ళాను.

అంతకుముందు అందరం ఎలా ఉంటే అలా వెళ్ళేవాళ్ళం. మా ఊళ్ళో టీస్ నది పక్కన ఉన్న ఉక్కు ఫ్యాక్టరీ మూతపడ్డాక నాకు దొరికింది డిపోలో రాత్రిపూట బస్సులు కడిగే పని. తెల్లవారి ఇంటికొచ్చి, డీజిలు కంపు వదిలేదాకా ఒళ్ళు తోముకుని, గళ్ళ పైజమా తొడుక్కుని కాస్త నడుం వాలుస్తాను. నేను రాగానే మా ఆవిడ లిన్ పనికి వెళ్ళిపోతుంది. ఇల్లిల్లూ తిరిగి ముసలివాళ్ళని లేపి, ఒళ్ళు తుడిచి, బట్టలు తొడగడం ఆమె ఉద్యోగం. బడి టైముకి లేచి, పైజమా మీదే కోటు తగిలించుకుని లేసీతో బయల్దేరేవాణ్ణి. లేసీకి ఎనిమిదేళ్ళు. గేటు దాకా నా చెయ్యి వదిలేది కాదు.

గేటు దగ్గర నాలాంటివాళ్ళు చాలామందే ఉండేవారు. అందరిలోకీ మా వీధి డోనాదే వైభోగం. గులాబీ రంగు డ్రెస్సింగ్ గౌను, కుందేలు చెవుల చెప్పులు, ఒక చేతిలో టీ కప్పు, ఇంకో చేతిలో సిగరెట్టు, మోచేత్తో చంటిపిల్ల బండి. వానొస్తే గొడుగు నేను పట్టేవాణ్ణి.

"లిన్ ఊళ్ళో ముసలాళ్ళందరికీ బట్టలు తొడుగుతుంది, ఇంట్లో ముసలాణ్ణి మాత్రం వదిలేసింది," అనేది నన్ను చూసి. నవ్వుకునేవాళ్ళం. ఎవరికీ ఏ బాధా లేదు.

ఈస్టర్ సెలవుల తరవాత లేసీ సంచిలో ఒక కాగితం వచ్చింది. హెడ్మిస్ట్రెస్ ప్రౌడ్‌లాక్ మేడమ్ రాసింది. పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లిదండ్రులు రాత్రి బట్టలతో రావద్దనీ, మొహం కడుక్కుని తగిన దుస్తుల్లో రావాలనీ, పెద్దల్ని చూసే పిల్లలు నేర్చుకుంటారనీ.

మర్నాడు గేటు దగ్గర డోనా తనకొచ్చిన కాగితాన్ని చంటిపిల్ల ముక్కు తుడవడానికి వాడింది.

"నా కూతురికి ఎక్కాలు చెప్పవమ్మా అంటే నా పైజమాకి పాఠాలు చెబుతోంది. మనల్ని మొహం కడుక్కోమంటుంది, తన మొహం మాత్రం ఎప్పుడు చూడు పుల్లమజ్జిగ తాగినట్టుంటుంది."

అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. పదిహేనో ఏట బడి మానేసినవాణ్ణి. టీచర్లు నాతో ఎలా మాట్లాడేవారో ఇంకా చెవుల్లోనే ఉంది. ఇన్నేళ్ళ తరవాత కూడా నా గుండీలు వాళ్ళే చూస్తారా అని ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రం చూస్తే లేసీ మా కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించి పెట్టింది. దాని బొమ్మలు అంటించుకునే అయస్కాంతంతో, దాని ఎత్తున కాదు, నా ఎత్తున. కుర్చీ ఎక్కి అంటించినట్టుంది.

  మర్నాడు పొద్దున బడికి వెళ్తూ లేసీ మూలమలుపులో ఎర్ర పోస్టు డబ్బా దగ్గర ఆగి, నా చెయ్యి వదిలేసింది.

"నాన్నా, నువ్వు ఇక్కడ ఆగు. ఇక్కణ్ణించి నేను వెళ్తా."

"ఎందుకే?"

"ఊరికే."

నా మొహం వంక చూడలేదు. నా మోకాళ్ళ దగ్గర సాగిపోయిన పైజమా వంక చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. ఫ్యాక్టరీ మూసేసిన రోజు కూడా నాకు అంత చిన్నతనం అనిపించలేదు.

అప్పట్నించి రోజూ పోస్టు డబ్బా దాకానే. లేసీ గేటు దాటి లోపలికి వెళ్ళేదాకా ఆ డబ్బా వెనక నిలబడేవాణ్ణి. ఒకరోజు ఒక పెద్దావిడ ఉత్తరం వెయ్యడానికి వచ్చి, "కాస్త జరుగుతావా నాయనా? నువ్వు వేసేశావా?" అంది. వేసేశానని చెప్పాను. చేతిలో ఏమీ లేదని ఆవిడకీ కనబడుతూనే ఉంది.

మామూలు ప్యాంటు వేసుకోవచ్చుగా అనొచ్చు. ఉన్న రెండు జీన్సులూ కొలిమి దగ్గర పనిచేసిన రోజుల నడుముకి కొన్నవి. ఇప్పుడు గుండీకి, కాజాకి మధ్య జానెడు దూరం. పని బట్టలు డీజిలు కంపు కొడతాయి, వాటితో బడికి వెళ్ళలేను. సరిపోయేది ఒక్కటే, మా నాన్న పోయినప్పుడు కొన్న నల్ల సూటు. ఇంకో మాట కూడా నిజం. ప్రౌడ్‌లాక్ మేడమ్‌కి బట్టలు కావాలా, బట్టలంటే ఏంటో చూపిస్తాను అన్న ఉక్రోషం లోపల ఉంది. లేసీ కోసం అని నాకు నేను చెప్పుకున్నాను గానీ, అందులో ఎంత లేసీ కోసమో, ఎంత ఆవిడ కోసమో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆ మంగళవారం గడ్డం గీసుకున్నాను. బూట్లు తళతళలాడేలా తుడిచాను. ఇంట్లో ఉన్నది ఒకటే టై, అదీ చావులకి కట్టే నల్లదే. మెట్లు దిగి వస్తుంటే లేసీ చెంచా నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

"నాన్నా! టీవీలో వార్తలు చదివేవాడిలా ఉన్నావ్!"

దారంతా నా చెయ్యి ఊపుతూ నడిచింది. పోస్టు డబ్బా దగ్గర నేనే నెమ్మదించాను. అది నన్ను లాక్కుపోయింది.

గేటు దగ్గరకి వెళ్ళేసరికి మాటలు ఆగిపోయాయి. నాతోపాటు కొలిమి దగ్గర పనిచేసిన గ్యారీ ముందుగా చూశాడు.

"ఏంట్రా కెల్విన్, కోర్టా? ఏం చేశావ్? డిపోలో బస్సు కొట్టేశావా?"

డోనా వాడి వీపు మీద ఒక్కటిచ్చింది. "కళ్ళు కనబడట్లేదా? నల్ల టై చూడు. నోరు మూసుకో." టీ కప్పు బండి మీద పెట్టి నా దగ్గరకొచ్చింది. గొంతు మారిపోయింది. "అయ్యో కెల్విన్. ఎవరు?"

అందరూ నా వైపే చూస్తున్నారు. ఎవరూ పోలేదు, నా కూతురు నన్ను చూసి సిగ్గుపడుతోందని ఇలా తయారై వచ్చాను, అని చెప్పాలి. అంతే. ఆ ఒక్క మాట నోటికి రాలేదు.  నేల చూస్తూ నిలబడ్డాను. అయినవాళ్ళని పోగొట్టుకున్నవాడు ఎలా నిలబడతాడో అచ్చం అలాగే నిలబడ్డానని తరవాత అర్థమైంది.

"మా నానమ్మ," అంది లేసీ.

చిన్నగానే అంది. అందరికీ వినబడింది.

డోనా నన్ను కావలించుకుంది. టోస్టు వాసన, సిగరెట్టు వాసన. గ్యారీ టోపీ తీసేశాడు. ప్రౌడ్‌లాక్ మేడమ్ గేటు లోపల్నించి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "ఇలాంటి రోజున కూడా పాపని టైముకి తీసుకొచ్చారు స్టాబర్ట్ గారూ. అందరికీ సాధ్యం కాదు." బళ్ళో నన్నెవరూ అంత మర్యాదగా పలకరించిన గుర్తు లేదు. థాంక్స్ అన్నాను.

మా అమ్మ హిల్డా అప్పుడు నది అవతల తన ఫ్లాటులో, బహుశా రేడియోతో తగువు పెట్టుకుంటూ టిఫిను చేస్తూ ఉంటుంది.

సాయంత్రం లేసీని తీసుకొస్తూ పోస్టు డబ్బా దాటాక అడిగాను.

"నానమ్మ పోయిందని ఎందుకన్నావ్?"

"వాళ్ళు నవ్వబోతున్నారు నాన్నా. నిన్ను చూసి."

"నానమ్మంటే నీకు ఇష్టమే కదే?"

"ఇష్టమే. కానీ నానమ్మ అక్కడ లేదుగా. నువ్వున్నావు."

నడుస్తూనే సంచి తెరిచి ఒక బొమ్మ చూపించింది. టీచరు లేసీని తరగతిలో మెత్తటి దిండ్లు పరిచిన మూల కూర్చోబెట్టి నానమ్మ గుర్తుగా వెయ్యమందట. మేఘం మీద మా అమ్మ, రెక్కలు, ఎర్ర కోటు, పక్కన చక్రాల సంచి. "కోటు సరిగ్గా రాలేదు," అంది. లేసీ మొహం పాలిపోయి ఉంది. మధ్యాహ్నం అన్నం తినలేదని తరవాత చెప్పింది.

ఇంటికి వచ్చిన కాసేపటికి డోనా గిన్నెడు బీఫ్ స్టూ తెచ్చింది. అదే గులాబీ గౌనులో. "మాట్లాడక్కర్లేదు. తిని పడుకో. గిన్నె తొందరేం లేదు," అని వెళ్ళిపోయింది. ఆ స్టూ తిన్నాను. ఆకలేసింది, తిన్నాను.

లిన్ వచ్చి సంగతి విని మొదట పగలబడి నవ్వింది. లేసీ బొమ్మ చూశాక ఆపేసింది.

"శుక్రవారం మీ అమ్మ వస్తుంది," అంది.

అదే నా భయం కూడా. శుక్రవారం శుక్రవారం లేసీని బడి నుంచి తెచ్చేది మా అమ్మే. ఎర్ర కోటు వేసుకుని, చక్రాల సంచి లాక్కుంటూ గేటు దగ్గర అందరినీ పేరుపేరునా తిట్టి పలకరిస్తుంది. ఆ రోజు ఆమెని చూసిన క్షణం నుంచి నా కూతురు ఆ బళ్ళో నానమ్మని చంపిన పిల్ల అయిపోతుంది. పిల్లలు అలాంటివి మర్చిపోరు. నా బడి రోజుల సంగతులు ఇక్కడ ఎవరూ ఇంకా మర్చిపోలేదు.

"రేపు నువ్వే చెప్పెయ్," అంది లిన్.

"ఏమని? నా కూతురు అబద్ధాలకోరనా?"

"ఆ సూటు నువ్వెందుకు వేసుకున్నావో చెప్పు."

బుధవారం మళ్ళీ అదే సూటు, టై లేకుండా. వేరే ఏం వేసుకోను? లేసీ ఈసారి నా చెయ్యి ఊపలేదు. గేటు దగ్గర నాకు దారి ఇచ్చారు, శవపేటిక వెనక నడిచేవాడికి ఇచ్చినట్టు. ప్రౌడ్‌లాక్ మేడమ్ కూడా అక్కడే ఉంది. మంచిదే, ఒకేసారి అయిపోతుందనుకున్నాను.

"మా అమ్మ బాగానే ఉంది," అన్నాను. "ఎవరూ పోలేదు. లేసీ చేత నేనే అలా అనిపించాను."

లేసీ తలెత్తి నా వంక చూసింది. నోరు తెరవబోయింది. దాని చెయ్యి గట్టిగా నొక్కాను.

నవ్వుతారనుకున్నాను. నవ్వినా బావుండేది. ఎవరూ నవ్వలేదు. గ్యారీ పక్కకి తిరిగాడు.

"పసిపిల్ల చేత?" అంది డోనా.

"అవును."

"ఎందుకూ?"

"నాకు వేరే బట్టలు లేక. అడిగితే ఏం చెప్పాలో తెలీక."

డోనా తన గౌను వంక చూసుకుంది, నా సూటు వంక చూసింది. "నేను రోజూ ఇలాగే వస్తున్నాగా కెల్విన్. నన్నెవరు ఏమన్నారు?" బండి తిప్పుకుంటూ, "స్టూ తిన్నావా?" అంది.

"తిన్నాను."

"గిన్నె పంపించు."

ప్రౌడ్‌లాక్ మేడమ్ నన్ను లోపలికి పిలిచింది. వరండాలో పిల్లలు కూర్చునే బుల్లి కుర్చీలు తప్ప వేరే లేవు. అందులో కూర్చున్నాను, మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే. ఆవిడ అరవలేదు. "నేను సూట్లు అడగలేదు స్టాబర్ట్ గారూ. ఏదో ఒక ట్రాక్ ప్యాంటు చాలు. అంతే అడిగాను." అంతకంటే తిట్టినా బావుండేది. "పాప చేత అలా చెప్పించడం మాత్రం..." అని వాక్యం వదిలేసింది. "తెలుసు మేడమ్," అన్నాను, పదిహేనేళ్ళవాడిలా.

ఆ సాయంత్రమే లిన్ సూపర్‌మార్కెట్లో నీలం ట్రాక్ ప్యాంటు కొని మంచం మీద పడేసింది. గురువారం అది వేసుకుని వెళ్ళాను. లోకంలో ఎవరూ రెండోసారి చూడని ప్యాంటు. పోస్టు డబ్బా దగ్గర లేసీ ఆగింది.

"బట్టలు బాగానే ఉన్నాయి నాన్నా," అంది మర్యాదగా, పరాయివాళ్ళతో అన్నట్టు. "కానీ ఇక్కడే ఆగు. వాళ్ళు నిన్ను అదోలా చూస్తారు."

ఆగాను.

శుక్రవారం మధ్యాహ్నానికి మా అమ్మకి ఎవరో ఫోనులో అంతా మోసేశారు. ఎర్ర కోటుతో మా ఇంటికే వచ్చింది.

"ఏరా, నన్ను చంపేశావటగా. పోనీ చావుకి ఏం పెట్టావ్?"

"స్టూ."

"ఎవరు చేశారు?"

"డోనా."

"దాని చేతి వంటకి ఉప్పే ఉండదు. బతికుండగా మంచి తిండి లేదు, పోయాకా లేదు." కోటు సర్దుకుంది. "నడు. శవం ఎలా నడుస్తుందో చూపిస్తా వాళ్ళకి."

నేను పోస్టు డబ్బా దగ్గరే ఆగిపోయాను. ఆమె ఒక్కతే చక్రాల సంచి లాక్కుంటూ వెళ్ళింది. దూరం నుంచి మాటలు వినబడలేదు. చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. డోనా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. గ్యారీ నవ్వుతున్నాడు. నా తప్పుని ఆమె వాళ్ళందరికీ తలా కాస్త పంచిపెట్టి నవ్వులాట చేసేసింది. ఇంక నేను కూడా వెళ్ళి నవ్వొచ్చు. అందుకే నన్ను రమ్మని చెయ్యి ఊపింది. అందరూ ఇటు తిరిగారు.

 డబ్బా వెనక్కి ఇంకో అడుగు వేశాను.

లేసీ ఆ గుంపులోంచి బయటికొచ్చింది. అది నవ్వడం లేదు. నానమ్మ కోసం ఆగకుండా, సంచి వీపు మీద ఎగురుతుంటే, నేరుగా ఇటే నడిచి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని గేటు దగ్గరికి లాక్కుపోతుందేమో అనుకున్నాను. లాగలేదు. డబ్బా చుట్టూ తిరిగి నా వైపుకి వచ్చి, గేటులోంచి కనబడకుండా నా పక్కన ఒదిగి నిలబడింది.

"వాళ్ళు వెళ్ళిపోయాక వెళ్దాం నాన్నా," అంది.