తవుడు జాడీ

పొద్దున ఆరున్నరకు చియో టీచర్ వంటింట్లో మంచు కురుస్తుంది. ఆ వేళకు కింది వాటాలోని అండాలమ్మ మెల్లగా మెట్లెక్కుతుంది. మే నెలలోనైతే పక్కింటివాళ్లు కూడా పిల్లల్ని ఎత్తుకొచ్చి కాసేపు నిలబడి వెళ్తారు.

చియో దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో జపాన్ భాష చెబుతుంది. అండాలమ్మ ఇంటి పైవాటాలో కిరాయికి ఉంటుంది. సొంతూరి నుంచి ఆమె తెచ్చుకున్న ఆస్తి ఒక్క జాడీ. దాన్నిండా ఉప్పు కలిపిన తడి తవుడు, అందులో ఊరే ముల్లంగి దుంపలు. ముత్తవ్వల నాటి తవుడు అది. రోజూ కలపకపోతే చచ్చిపోతుంది. కలిపినప్పుడల్లా, ఇన్నేళ్లూ దాన్ని కలిపిన మనుషులు చూసిందంతా బయటికొస్తుంది: కొండ కింద వరిమళ్లు, గడ్డి కప్పుల మీద మంచు, అమ్మమ్మ వాకిట్లో ఐదేళ్ల చియో.

"ఎంత పైలంగ దాస్కున్నరు బిడ్డా!" అని అండాలమ్మ ప్రతిసారీ మురిసిపోయేది.

తల్లికి ఆపరేషనని చియో పదిరోజులు ఊరెళ్తూ జాడీని ఆమెకే అప్పగించింది.

"నాకా? గోలీ ఏసుకున్ననో లేదో నాకే యాదుండదు!"

"మీరే కలపాలమ్మా."

అండాలమ్మ క్యాలెండర్ మీద గీతలు గీసుకుంటూ, రోజూ పొడి గరిటెతో జాగ్రత్తగా కలిపింది. చియో చేత్తో కలపడం చూసినా, తొక్కు జాడీలో చెయ్యి పెడితే బూజు పడుతుందని డెబ్బై ఏళ్ల అలవాటు. మంచు పడలేదు. మూడోరోజుకు తవుడు గబ్బు కొట్టింది.

కోడలు విజయశ్రీ వీడియో కాల్ కలిపింది.

"గరిటెతోనా!" చియో కెవ్వుమంది. "చేత్తో కలపాలమ్మా! ఇయ్యాల కలపకపోతే ఇగ బతకదు."

అండాలమ్మ చేతులు కొంగులో దాచుకుంది. "నా చెయ్యి ఒద్దు బిడ్డా. నా మతిమరుపు అండ్ల కలుస్తది. మీ అమ్మమ్మను గూడ మర్చిపోతది గా జాడీ."

"పెట్టకపోతే ఎట్లైనా పోతది గద అత్తమ్మా," అంది విజయశ్రీ. "పెడ్తే బతుకుతదేమో."

అండాలమ్మ కళ్లు మూసుకుని మోచేతి దాకా ముంచింది. లోపల ఒక చల్లని, మొరటు చెయ్యి ఆమె చేతిని పట్టుకుని, అడుగు తవుడు పైకెట్ల తేవాలో చూపించింది. పొయ్యి మీద మంచు రాలింది.

చియో తిరిగొచ్చి, బ్యాగు కూడా దించకుండా జాడీలో చెయ్యి పెట్టింది. కొండా మళ్లూ అన్నీ ఉన్నాయి. అమ్మమ్మ వాకిట్లో మాత్రం ఒక కొత్త పిల్ల. నూనె కారే రెండు జడలు, చేతిలో జొన్నరొట్టె. మంచును కాలితో తన్ని చూస్తోంది.

"ఈ పాప ఎవరమ్మా?"

అండాలమ్మ కళ్లద్దాలు తుడుచుకుంది. "ఏమో. గుర్తుపడ్తలేను."

అంతలో మంచు అవతల నుంచి ఎవరో ఆడమనిషి కేకేసింది. "అండాలూ, ఎండ నెత్తికొచ్చింది, ఇంటికి రావే!"

తన తల్లి గొంతు ఎట్లుండేదో అండాలమ్మ ఎన్నడో మర్చిపోయింది.

"ఒస్తున్ననే అవ్వా!" అని పిల్లా ముసలామే ఒకేసారి పలికారు.