మెదీనా యుద్ధం, ప్లేనో బుర్రకథ

మనీషా ఒకటి అనుకుందంటే ఆపడం ఎవరి తరమూ కాదని టెక్సాస్‌లోని ప్లేనో ఊళ్ళో ఆమెను ఎరిగినవాళ్ళందరూ చెబుతారు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. ఇంట్లోనూ అదే ఉద్యోగమని కూతురు హాసిని గొణుగుతుంది. తెనాలి దగ్గర ఆమె మేనమామకి బుర్రకథ దళం ఉండేది. పదేళ్ళప్పటినుంచీ ఆయన పక్కన డక్కీ వాయిస్తూ పెరిగిన మనిషికి తన గొంతు మీద గానీ, ఆ కళ మీద గానీ ఏనాడూ అనుమానం రాలేదు. అనుమానమంతా తెలుగు సంఘం వాళ్ళదే. "అమెరికాలో బుర్రకథ ఎవరు వింటారండీ, ఓ సినిమా డాన్స్ పెట్టుకుంటే పోలా?" అని నాలుగేళ్ళుగా దాటవేస్తూ వచ్చారు.

ఇలా ఉండగా ఏడో తరగతి చదివే హాసిని ఒక సాయంత్రం స్కూలు బ్యాగు సోఫాలోకి విసిరి, అంతెత్తున ఎగిరింది.

"మమ్మీ, నీకు తెలుసా? టెక్సాస్ ఫస్ట్ ఫైట్ చేసింది మెక్సికోతో కాదు, స్పెయిన్‌తో! ఎయిటీన్ థర్టీన్‌లో. ఫోర్ మంత్స్ ఫ్రీగా ఉంది. తర్వాత ఓడిపోయింది, ఆల్మోస్ట్ అందరూ చచ్చిపోయింది. బుక్‌లో వన్ పేరాగ్రాఫే ఉంది! ఇట్స్ నాట్ ఫెయిర్."

పిల్ల కోపం తల్లికి అంటుకుంది. లైబ్రరీలో దొరికిన పుస్తకాలన్నీ తెచ్చి చదివింది. శాన్ ఆంటోనియో జనం స్పెయిన్ గవర్నరును దించేసి, ఇక మా మీద ఏ రాజూ లేడని ఆ ఏప్రిల్‌లో చాటుకున్నారు. ఆగస్టులో రాజుగారి సైన్యం వచ్చింది. వీళ్ళు ఆ సైన్యం ముందుగా పంపిన చిన్న దండును తరుముకుంటూ మండుటెండలో, ఇసుకలో, గుక్కెడు నీళ్ళు లేకుండా పరుగెత్తి, మెదీనా నదికి అవతల ఓక్ చెట్ల మధ్య పొంచి ఉన్న ఫిరంగుల ముందు పడ్డారు. పద్నాలుగు వందల మందిలో వందమంది కూడా మిగల్లేదు. వాళ్ళ ఎముకలు తొమ్మిదేళ్ళపాటు అక్కడే ఎండకి ఎండి, వానకి తడిశాయి. ఊళ్ళో ఉన్న వందలాది ఆడవాళ్ళను ఒక ఇంట్లో పెట్టి తాళం వేసి, ఏ సైన్యం తమ మగవాళ్ళను చంపిందో ఆ సైన్యానికే వాళ్ళ చేత రోజూ మొక్కజొన్న నూరించి రొట్టెలు చేయించారు. ఇంత కథకి ఒక్క పేరానా అని మనీషా ఉడికిపోయింది. మూడు నెలలు కూర్చుని బుర్రకథ రాసేసింది.

బుర్రకథకి ముగ్గురు కావాలి. నడుమ తంబుర పట్టుకుని కథ నడిపేది మనీషా. కుడి పక్క రాజకీయ వంత, అంటే ఎప్పుడు ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో చెప్పేది హాసిని. ఎడమ పక్క హాస్య వంతగా మనీషా ఆఫీసులోనే పనిచేసే రఘు దొరికాడు. వరంగల్ మనిషి. లే ఆఫ్‌ల మీటింగులో కూడా మేనేజరును నవ్వించిన ఘనుడు. పాటలు తెలుగులో, మాటలు ఇంగ్లీషులో అని ముగ్గురూ ఒప్పందానికొచ్చారు.

ఆ యుద్ధంలో పోయినవాళ్ళ వంశస్థులు ఏటా ఆగస్టులో శాన్ ఆంటోనియో దగ్గర కలుస్తారని మనీషాకి తెలిసింది. ఇక ఊరుకుంటుందా? మీ పెద్దల కథ మీ ముందు చెబుతాం, రమ్మంటారా అని ఈమెయిల్ పెట్టింది. డొలోరెస్ అనే డెబ్భై ఎనిమిదేళ్ళ రిటైర్డ్ టీచర్ జవాబిచ్చింది. జూలైలో కొడుకు ఇంటికి ప్లేనో వస్తున్నాననీ, తమ వాళ్ళ సమాధి ముందు ఏం చెప్పబోతున్నారో ముందు తను వినాలనీ రాసింది. అందుకని మనీషా ఊళ్ళో లైబ్రరీ హాలు మాట్లాడి ప్రదర్శన పెట్టింది. ఆవిడ సరేనంటే శాన్ ఆంటోనియో. కాదంటే ఈ కథ లైబ్రరీ హాల్లో పుట్టి లైబ్రరీ హాల్లోనే పోతుంది. కథ ఎక్కడ జరిగిందో అక్కడే చెప్పాలని మనీషా ఎంతగా కోరుకుందంటే, ప్రదర్శనకి ముందు వారమంతా సరిగ్గా అన్నం కూడా తినలేదు.

శనివారం మధ్యాహ్నం లైబ్రరీ హాలు నిండింది. సగం తెలుగువాళ్ళు, సగం ఊరివాళ్ళు. డొలోరెస్ ముందు వరసలో నిటారుగా, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకుని కూర్చుంది. మనీషా అందెలు మోగించి కథ ఎత్తుకుంది. గవర్నరు దిగిపోయినప్పుడు హాలంతా చప్పట్లు. ఇసుకలో దాహంతో పరుగెత్తినప్పుడు ఒక్కరు దగ్గితే ఒట్టు. మెదీనా దగ్గర ఫిరంగులు పేలేసరికి డొలోరెస్ కళ్ళు తుడుచుకోవడం మనీషా చూసింది. గెలిచేశాం అనుకుంది.

అప్పుడు వచ్చింది ఆడవాళ్ళను బంధించిన ఇల్లు. కథ బరువెక్కినప్పుడు హాస్య వంత ఓ చలోక్తి విసిరి జనాన్ని తేలికపరచాలన్నది బుర్రకథ ఆచారం. పెళ్ళామూ వంటిల్లూ హాస్య వంతలకి తాతలనాటి సరుకు. రఘు ఠంచనుగా తన వంతు అందుకున్నాడు. ఇంత మంది ఆడవాళ్ళు రోజంతా రొట్టెలు చేశారా, మా ఇంట్లో ఒక్క చపాతీ అడిగితే ఫోన్‌లో ఆర్డర్ పెట్టుకోమంటుందే అని బుగ్గలు నొక్కుకున్నాడు. హాలు ఘొల్లుమంది. రిహార్సల్లో నాలుగుసార్లు విని మనీషా కూడా నవ్విన మాటే అది. తప్పులు పట్టి బతికే మనిషికి ఆ తప్పు కంటపడలేదు.

డొలోరెస్ నవ్వలేదు. హ్యాండ్‌బ్యాగ్ భుజాన వేసుకుని లేచి, తలుపు వైపు నడిచింది.

తప్పెక్కడుందో మనీషాకి అప్పుడు తెలిసింది. వెంట పరుగెత్తి సారీ చెబుదామా అనిపించింది. కానీ కథ మధ్యలో దిగిపోయే అలవాటు ఆమెకి లేదు. వంత తెలివితక్కువ మాట అంటే బుద్ధి చెప్పే హక్కు కథ చెప్పేవాళ్ళకి ఎప్పుడూ ఉంది. ఆ హక్కు వాడుకుంది. తంబుర ఆపి, ఎడమకి తిరిగింది.

"వంతా! మోకాళ్ళ మీద కూర్చో."

ఇదేదో కొత్త తమాషా అనుకుని రఘు కూర్చున్నాడు.

"నీ ముందు సన్నికల్లుంది. దాని మీద ఉడికించిన మొక్కజొన్న ఉంది. పొత్రం పట్టుకుని నూరు. ఆపమనేదాకా ఆపకు."

"ఎంతసేపు నూరాలె అక్కా?" అన్నాడు ఒట్టి నేల మీద ఖాళీ చేతులు ఆడిస్తూ, ఇంకా నవ్వుతూనే. ఒప్పందం మరిచి తెలుగులోనే అడిగేశాడు.

జవాబు రాజకీయ వంత చెప్పాలి. రిహార్సల్లో లేని ప్రశ్న. అయినా హాసిని తడుముకోలేదు. తెల్లారకముందు మొదలుపెట్టి, చీకటి పడ్డాక ఆపాలనీ, అలా యాభై రోజుల పైన అనీ హాలంతటికీ వినబడేలా ఇంగ్లీషులో చెప్పింది. మనీషా పాట ఎత్తుకుంది.

"కొడుకును చంపిన చేతికి కంచము
నింపెనె ఆ తల్లి, తందాన తాన!
పిండి నూరుతూ పేర్లు తలచెనే
పెదవి కదపకా, తందాన తాన!"

రెండు నిమిషాలకి రఘు నవ్వు పోయింది. అయిదు నిమిషాలకి జుబ్బా తడిసి వీపుకి అతుక్కుంది. పంచె కిందనుంచి మోకాళ్ళు చెక్క నేలకి ఒరుసుకుంటున్నాయి. ఒకసారి తలెత్తి మనీషా వైపు చూశాడు. ఆమె ఆపమనలేదు. అతను తెలివైనవాడు, అంతకన్నా మంచివాడు. తను ఏమన్నాడో అప్పుడు అర్థమై, తల దించుకుని మరింత బలంగా నూరాడు. ఇందాక నవ్వినవాళ్ళెవరూ ఇప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. మనీషా తొమ్మిదేళ్ళ ఎముకల కథ చెప్పింది. చివరికి స్పెయిన్ రాజు ఆ నేల వదిలిపోయాక, ఆ ఎముకలను ఏరి ఓక్ చెట్టు కింద పాతిపెట్టారని చెప్పి, తంబుర దించింది. రఘు మాత్రం నూరుతూనే ఉన్నాడు.

తలుపు దగ్గర డొలోరెస్ నిలబడే ఉంది. వెళ్ళిపోలేదు. మెల్లగా వెనక్కి నడిచొచ్చి స్టేజి మెట్లెక్కింది. రఘు ఆవిడను చూసి, ఆయాసపడుతూ, అలా అనకుండా ఉండాల్సింది, నాది తప్పే అన్నాడు. ఆవిడ బ్యాగు హాసిని చేతికిచ్చి, రఘు భుజం ఊతగా పట్టుకుని, అతని పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. అతని మణికట్లు పట్టుకుంది.

"చేతులతో కాదు బాబూ, నడుంతో తొయ్యాలి. మా అమ్మమ్మ నేర్పింది. ఆమెకి వాళ్ళమ్మమ్మ నేర్పింది. ఆ వాళ్ళమ్మమ్మ అమ్మమ్మ ఆ ఇంట్లో నూరింది."

ఆ మాట వినగానే, కథ చెబుతున్నంతసేపూ తొణకని మనీషా అందరి ముందూ ఏడ్చేసింది. జోకు తీసేస్తామని, శాన్ ఆంటోనియోలో ఆ మాటే ఉండదని ఎలాగో చెప్పగలిగింది.

"తియ్యొద్దు," అంది డొలోరెస్. "మావాళ్ళని కూడా ముందు నవ్వనివ్వు. ఆ తర్వాత ఇతన్ని కూర్చోబెట్టు. రాయి నేను తెస్తాను."