అమ్మాజీ పెళ్లికాగితం

ఫిలింనగర్‌లో షూటింగుకు ఎవరికి పాతకాగితం కావాలన్నా సెబాస్టియన్ షెడ్డుకే వస్తారు. నిన్న రాయించిన ఉత్తరాన్ని టీ డికాక్షన్‌లో ముంచి, నీడన ఆరబెట్టి, అంచులు కాస్త కాల్చి, రెండు వందల ఏళ్ల నాటిదిగా చేసి ఇస్తాడు. ఆ ఉదయం ఒక జమీందారు వీలునామా ట్రేలో నానుతోంది.

"లార్డ్ సాబ్, జర జల్దీ. గాడ డైరెక్టర్ గరమైతుండు," అన్నాడు అసిస్టెంట్ డైరెక్టర్ సుహాస్.

"పేరు పెట్టి పిలువు."

"ఐర్లాండ్ల బారన్ అయితున్నా అని కృష్ణానగర్ మొత్తం చెప్పింది నువ్వే గదన్నా!"

చెప్పాడు, నిజమే. చెప్పుకుని మురిశాడు కూడా. అతని తాతగారి నాయనమ్మ అమ్మాజీని నరసాపురంలో ఒక ఐరిష్ కెప్టెన్ పెళ్లాడాడు. ఆ కెప్టెన్ అన్న అక్కడ బారన్ బిరుదున్న ప్రభువు, పిల్లల్లేకుండా పోయాడు. అప్పటినుంచి ఆ బిరుదు వారసుడు లేక అలాగే పడి ఉంది. అమ్మాజీ పెళ్లి నిజమైతే వారసుడు సెబాస్టియన్. చర్చి రిజిస్టరు ఏనాడో తుఫానుకు పోయింది. మిగిలింది పెళ్లినాడు పాదిరి రాసిచ్చిన కాగితం ఒక్కటే. దాన్ని జతచేసి బిరుదు కోసం లండన్‌కు దావా పంపాడు.

అక్క తెరెసా గుమ్మంలోకి వచ్చింది. బంజారాహిల్స్‌లో నర్సు డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, చెప్పులైనా మార్చుకోలేదు. చేతిలో లండన్ ఉత్తరం ఉంది.

"చదవమంటావా, నువ్వే చదువుకుంటావా?"

"చదువు."

"అదే బిరుదు అడుగుతున్న ఐర్లాండ్ మనిషి, కార్క్ ఊరి పెద్దమనిషి, అభ్యంతరం పెట్టాడు. అమ్మాజీ భార్య కాదట. కెప్టెన్ ఇంట్లో వండిపెట్టిన మనిషట. కాగితం దొంగదట."

సెబాస్టియన్ భగ్గుమన్నాడు. "వాడి నోట్లో మన్ను పడ! ఏడుగురు బిడ్డల్ని కన్న తల్లిని వంటమనిషంటాడా? వాడి ముత్తవ్వను ఎవరైనా ఇలా అడిగారా?" బల్ల మీద గుద్దాడు. ట్రేలోని డికాక్షన్ తొణికి నేల మీద చిందింది. సుహాస్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

తెరెసా కదలలేదు. "లండన్‌లో పరీక్ష చేశారట. కాగితానికి టీ పట్టించారని తేలింది. ఒరేయ్ సెబాస్టీ, నేను నీ చేతికిచ్చినప్పుడు అది పాలలా తెల్లగా ఉంది."

అతను ట్రేలోని వీలునామాను తిప్పి వేశాడు.

"ఏం చేశావురా?"

"అంత తెల్లగా ఉంటే ఎవరు నమ్ముతారక్కా? నూటయాభై ఏళ్ల కాగితం నిన్న సంతలో కొన్నట్టుంది!"

"అందుకని ముంచావు."

"కొంచెమే..."

ఆ మాట అంటుండగానే అతని కోపం కాళ్ల కింద నేల తప్పినట్టు తూలింది. కార్క్ మనిషి అమ్మాజీని నమ్మలేదు. సరే, వాడు పరాయివాడు. తను నమ్మాడా? రేకుపెట్టెలో గుడ్డ చుట్టి ఆమె దాచిన కాగితాన్ని చూసి, ఇది చాలదు అనుకున్న మొదటివాడు తనే. అయినా కోపం చావలేదు. ఎటు తిరగాలో తెలియక అతని లోపలే తిరిగింది, గదిలో చిక్కుకున్న పక్షిలా, తగిలిన ప్రతిచోటా గాయం చేస్తూ.

"ఇప్పుడు లండన్ వాళ్లేమంటారు?"

"నెలలోపు దావా వెనక్కి తీసుకుంటే ఇంతటితో వదిలేస్తారు. అప్పుడు అమ్మాజీ వంటమనిషిగానే మిగులుతుంది. లేదూ, టీ పట్టించింది నువ్వేనని రాసిస్తే కాగితాన్నీ సిరానూ మళ్లీ పరీక్షిస్తారు, అసలుదని తేలితే అమ్మాజీ భార్యేనని ఒప్పుకుంటారు. కానీ సాక్ష్యం మార్చినవాడికి బిరుదు రాదు."

"ఊళ్లో నన్ను దొంగ లార్డంటారు."

"అంటారు."

అతను ట్రేను పక్కకు జరిపాడు. చెయ్యి తుడుచుకుని ఒక తెల్లకాగితం తీశాడు. 'అమ్మాజీ మునిమనవడి కొడుకునైన నేను' అని మొదలుపెట్టాడు. కలం కాగితంలో దిగబడుతోంది. చేసింది చేసినట్టు రాశాడు: ఏ టీపొడి, ఎన్ని చెంచాలు, ఎంతసేపు. చివర సంతకం చేసి ఆరడానికి బల్ల మీద పెట్టాడు.

బయటి నుంచి ఎవరో కేకేశారు. సుహాస్ గబగబా ముందుకొచ్చి వీలునామాను ట్రేలోంచి తీశాడు. బల్ల మీది కాగితం అతని కంటబడింది.

"అన్నా, గిది గూడ ముంచాల్నా?"

"దాన్ని ముట్టుకున్నావంటే," అన్నాడు సెబాస్టియన్, "నీ చెయ్యి విరగ్గొడతా."