పొట్లాల్లో భూదవ్వ కథ

సరుకు చూసి చెడ్డదంటే బాలమల్లు ఓర్చుకుంటాడు. చూడకుండా అంటే మాత్రం ఓర్చుకోడు. కామారెడ్డిలో బెల్లం కొని ఎల్లారెడ్డి వారపు అంగడిలో అమ్మే ఆయన, నిజాంసాగర్ నీళ్లలో మునిగిన తన అమ్మమ్మ ఊరి మీద ఒక కథ రాశాడు. ఊరంతా ఖాళీ అయినా ఇల్లు వదలని భూదవ్వ అనే ముసలమ్మ కథ. సికింద్రాబాదులో సొంత ఖర్చుతో అచ్చు వేయించి, కట్టలు కామారెడ్డి దాకా రైల్లో తెప్పించుకున్నాడు. మొదటి ప్రతిని ఎల్లారెడ్డిలో గ్రంథాలయం నడిపే నర్సింగరావు వకీలు ముందు పెట్టాడు. ఆయన బాగుందంటే చదువుకున్నవాళ్లంతా కొంటారని లెక్క.

వకీలు అట్ట కూడా తిప్పలేదు. "ఏమోయ్ బాలమల్లూ, తక్కెడల బెల్లం జోకే చేతికి కలమెందుకు? కాయితం మందంగున్నది, పొట్లాలకు పనికొస్తది పో," అన్నాడు. పక్కనున్న పెద్దమనుషులు పగలబడి నవ్వారు. ఆ మాట ఊరంతా పాకింది. పుస్తకం ఒక్కటీ అమ్ముడుపోలేదు.

అప్పు మాఫీ చేసినవాడు బతుకుతాడు గాని, అవమానం మాఫీ చేసినవాడి దుకాణం నిలవదని బాలమల్లు నమ్మకం. కట్టలు విప్పాడు. ఆ వారం అంగడిలో ప్రతి బెల్లం పొట్లానికీ కథలో మొదటి కాగితం చుట్టాడు. మరుసటి అంగడికి రెండోది. తన పుస్తకాన్ని తానే చింపుతుంటే బతికున్న కోడికి ఈకలు పీకినట్టుండేది. అయినా చింపాడు. చదువు రానివాళ్లకు తక్కెడ పక్కన నిలబడి తానే చదివి వినిపించాడు.

పోనుపోను జనం బెల్లం కంటే ముందు కాగితం అడగసాగారు.

"నీళ్లు గడప దాక వచ్చినయంటివి. ముసల్ది పడవెక్కిందా లేదా, చెప్పరాదె అన్నా!" అని కూలికి పోయే మంగవ్వ నిలదీసేది.

"వచ్చే అంగడికి రా అవ్వా. అందాక బెల్లం చేదైతదా?"

వకీలు భార్య అనసూయమ్మ కూడా పాలేరు పోచన్నను పంపి వారం వారం తెప్పించుకుంటోందని తెలిసిన రోజు, బాలమల్లుకు అన్నం రుచిగా ఉంది.

చివరి కాగితం వంతు వచ్చింది. ఆ రోజు బాలమల్లు పొట్లాలన్నిటికీ ఉత్త కాగితం చుట్టి, దాన్ని ఎవరికీ ఇవ్వకుండా దాచాడు. పోచన్న చేయి చాపాడు.

"బెల్లం తీస్కపో. కాయితం మీ దొర చేతికే ఇస్త."

"దొర అంగడికొస్తడా? మజాకా?"

"రాకుంటే మీ దొరసానికి కథ ముగియది. నాకేం నష్టం?"

ఇంట్లో అనసూయమ్మ ఏమందో గాని, పొద్దు వాలకముందే వకీలు వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"ఆ కాయితమియ్యి, సావుకారీ."

"ఏ కాయితం దొరా?"

"నీ పుస్తకంలది."

"ఇప్పుడు పుస్తకమైందా?"

జనం నోళ్లకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. వకీలు గొంతు తగ్గించాడు. "పూర్తి పుస్తకముంటే అదే ఇయ్యి. గ్రంథాలయంల పెడ్త."

"ఎక్కడిది? మీరు చెప్పినట్టే పొట్లాలు కట్టిన. ఇంటింటికి తిరిగి ఏరుకోండ్రి." బాలమల్లు చివరి కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాడు. "ఇయ్యాల నా గొంతు బాగలేదు. వీళ్లంత ముసల్దాని కోసం చూస్తున్నరు. మీరే చదువుండ్రి."

"చదువు బాపూ, నీకు పుణ్యముంటది!" అని మంగవ్వ అడ్డం నిలబడింది.

చుట్టూ మూగిన జనంలో ఎటు చూసినా దారి లేదు. వకీలు మొదలుపెట్టాడు. భూదవ్వ పడవెక్కకుండా పొయ్యి అలికి ముగ్గు పెట్టుకున్న చోట ఆయన చదవడం ఆపి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కోపమో దుఃఖమో బాలమల్లు తేల్చుకోదలచలేదు.

"ఆపకుండ్రి దొరా. గట్టిగ చదువుండ్రి, వెనకోళ్లకు ఇనబడ్తలేదు," అన్నాడు.